మా మామ చేసిన ఇంజనీరు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం తాండూరు బండల గనిలో నేను కొలతలు రాసుకుంటూ ఉండగా మా ఊరి మనిషి ఒకతను ఎండలో నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. నెత్తికి చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఇంజనీరు సాబ్, మీ మామ పోయిండు. తెల్లారంగ పాణం పోయింది. మిమ్మల్ని తోల్కొని రమ్మన్నరు" అన్నాడు.

పక్కన బండ ఎత్తుతున్న కూలీలు ఇద్దరు పని ఆపి నా ముఖం చూశారు. పాపం అని చూడలేదు. ఇంజనీరు సాబ్ అనే మాట విని చూశారు. ఆ గనిలో నన్ను అలా ఎవరూ పిలవరు. నేను అక్కడ కొలతల గుమాస్తాను. కోసిన బండ పొడుగెంత, వెడల్పెంత, లారీకి ఎన్ని ఎక్కాయి అని రాసుకోవడం నా పని. అందుకే ఆ కబురు వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. మేనమామ పోయాడని విన్న మనిషికి సిగ్గు వేయడమేమిటని మీరు అడగవచ్చు. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేనూ మంచే రాస్తాను. మా మామ నాకు చెడు ఒక్కటి కూడా చేయలేదు. నాకు జరిగిన చెడంతా ఆయన చేసిన మంచి వల్లనే జరిగింది.

మాది వికారాబాద్ దగ్గర పూడూరు దాటి నాలుగు మైళ్లు నడిస్తే వచ్చే పల్లె. మేము కురుమలం, గొర్లు కాచుకుని బతికేవాళ్లం. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే మా అమ్మ నన్ను చంకనేసుకుని అన్న ఇంటికి వచ్చేసింది. మామకూ అత్తకూ పిల్లలు లేరు. దాంతో ఆ ఇంటికి నేను ఒక్కడినే పిల్లవాణ్నయ్యాను. అత్త రొట్టె చేస్తే మొదటి రొట్టె నాకే పెట్టేది. మామ సంతకు పోతే జేబులో బెల్లం ముక్కో, పుట్నాలో లేకుండా తిరిగి రావడం నేనెరుగను.

మామ ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి లేకుండా గడప దాటేవాడు కాదు. పుట్టి పూటైనా కాని గొర్రెపిల్లను ఆ గొంగడి మడతలో పెట్టుకుని ఊరంతా తిరిగేవాడు. మనుషులతో మాట్లాడితే కొట్లాటకు పోయినట్టు ఉండేది కాని గొర్లతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. ఈనలేక అవస్థపడే గొర్రెను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా వాకిట్లోకే మోసుకొచ్చేవారు. మామ చేతికి నూనె రాసుకుని, కళ్లు మూసుకుని, లోపల అడ్డం తిరిగిన పిల్లను వేళ్లతో సర్ది బయటికి తీసేవాడు. ఆ రొచ్చంతా గోచికి తుడుచుకుని నవ్వేవాడు. అంత మంచి చేయి ఉన్న మనిషి, మనిషికి సేవ చేయడం నీచమైన పని అని ఎట్లా అనుకున్నాడో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

పటేలు ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే మామ చెప్పులు కాళ్లకు ఉండేవి కావు, చేతిలోకి వచ్చేవి. పోలీసు చర్య అయిన ఏడు నేను పలక పట్టాను. నిజాం రాజ్యం పోయిందన్నారు, బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది, ఉర్దూ చెప్పిన పంతులే మాతో పాటు కూచుని తెలుగు నేర్చుకున్నాడు. ఇన్ని మారినా మామ చెప్పులు మాత్రం ఆ ఇల్లు వచ్చేసరికి చేతిలోకే వచ్చేవి. "రాజ్యం పోయింది గద మామా, ఇంకెందుకు?" అని అడిగితే, "నీకేం తెలుసురా, నువ్వు సదువుకున్నోనివి" అనేవాడు. ఈ మాట ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. నేను అప్పుడు చదివింది మూడో తరగతి.

ఇంకో మాట కూడా అనేవాడు. "మనిషిగ పుట్టినంక ఒక్కసారన్న కుర్సీల కూసోవాలెరా అల్లుడా." ఆయన మాత్రం ఎప్పుడూ కూచోలేదు.

సాయంత్రం మంద దొడ్డిలోకి పోయేటప్పుడు నన్ను ముళ్లకంచె సందు దగ్గర నిలబెట్టేవాడు. మామ వేళ్లు మడుచుకుంటూ, ఇరవై అయినప్పుడల్లా ఒక రాయి జేబులో వేసుకుంటూ లెక్కపెట్టేవాడు. ఆయన సగానికి రాకముందే నేను "ఒకటి తక్కువున్నది మామా" అనేవాణ్ని. ఆయన లెక్క ముగిసేసరికి నిజంగానే ఒకటి తగ్గేది. అప్పటికి నాకు ఏడెనిమిదేళ్లు. మామ ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. "మా అల్లునిది లెక్కల తలకాయ. కండ్లతోనే లెక్క పెడతడు." ఊళ్లో కురుమలందరూ అదే అనుకున్నారు. మాకు లెక్క అంటే గొర్ల లెక్కే కదా, మందను తప్పులేకుండా చెప్పేవాడికి మించిన తెలివిగలవాడు ఎవరుంటారు?

నిజం చెప్పనా? నేను ఏ రోజూ లెక్కపెట్టలేదు. ముఖాలు చూశాను. ప్రతి గొర్రె ముఖం నాకు తెలుసు. ఏది కుంటుతున్నది, ఏది పొద్దున్నుంచి మేత ముట్టలేదు, ఏది పిల్ల కోసం వెనక్కి చూస్తున్నది, అన్నీ తెలిసేవి. రానిది ఏదో ముఖాల్లో కనబడేది. అది లెక్కల తలకాయ కాదు. కాని అందరూ మెచ్చుకుంటుంటే ఆ వయసులో ఎవడు కాదంటాడు? నేనూ అనలేదు. మా మామ చేసిన తప్పుకు మొదటి రాయి నేనే అందించాను.

నేను వికారాబాద్‌లో హైస్కూలు చదువుతున్నప్పుడు మా ఊరి మీదుగా రోడ్డు వేస్తారని సర్కారు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మూడు కాళ్ల కొయ్య మీద దుర్బీను పెట్టి చూస్తాడు, మనుషుల చేత టేపు పట్టించి కొలిపిస్తాడు. ఆయన పటేలు వాకిట్లోకి రాగానే పటేలు లేచి నిలబడ్డాడట. లోపలి నుంచి కుర్చీ తెప్పించి ఆయన్ని కూచోబెట్టి, తాను నిలబడే మాట్లాడాడట. విందు కోసం మా మంద నుంచి ఒక పొట్టేలును తోలుకుపోయారు. ధర అడిగే ధైర్యం మామకు లేదు, ఇచ్చే ఆలోచన పటేలుకు లేదు. ఇంకొకడైతే కడుపు మండి వచ్చేవాడు. మామ మాత్రం పెళ్లికి పోయి వచ్చినవాడిలాగా వచ్చాడు.

"పటేలు లేషి నిలవడ్డడే! నా కండ్లతోని చూసిన. పిలగాని ముంగట చేతులు కట్టుకున్నడు" అని అత్తకు నాలుగుసార్లు చెప్పాడు. ఆ రోడ్డు ఇంతవరకు పడలేదు. కాని ఆ రోజే నేను ఇంజనీరును అయిపోయాను, నాకు చెప్పకుండానే.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మకు దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం పడ్డాక వికారాబాద్ గుట్ట మీద ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చారు. ఎనిమిది నెలలు ఉంది. బడి వదలగానే నేను గుట్ట ఎక్కేవాణ్ని. అక్కడ ఒక మగ నర్సు ఉండేవాడు, రోగులు ఆయన్ని బ్రదర్ అని పిలిచేవారు. నేను రోజూ రావడం చూసి మెల్లగా నాకు పని నేర్పాడు. నాడి పట్టడం, జ్వరం చూసి పలక మీద రాయడం, లేవలేని మనిషికి నొప్పి కాకుండా పక్కబట్ట మార్చడం, గొంతుకు అడ్డం పడకుండా గంజి తాగించడం, అన్నీ. నాకు అవి నేర్చుకుంటున్నట్టే అనిపించలేదు, ముందే తెలిసిన పనిలాగా చేతులు పోయేవి. పక్క మంచాలవాళ్లు "బాబూ, జర నన్ను గూడ తిప్పుపో" అని పిలిచేవారు. అమ్మ చివరి రోజుల్లో నా చేతిని వదిలేది కాదు. "నీ చెయ్యి సల్లగున్నది బిడ్డా" అని అదే మాట ఎన్నిసార్లో అన్నది. మెట్రిక్ పరీక్షకు నెల ముందు పోయింది.

ఫలితాలు వచ్చాక బ్రదర్ నన్ను పిలిపించాడు. పట్నంలో నర్సింగ్ చదువు ఉంది, మగపిల్లలకు కొద్ది సీట్లున్నాయి, తాను ఉత్తరం రాసిస్తానన్నాడు. ఉండడానికి చోటు, తిండి వాళ్లే ఇస్తారు, నెలకు కొంత చేతిలో కూడా పెడతారు. మూడేళ్లు కాగానే ఉద్యోగం. ఇంజనీరింగ్ సంగతి వేరు. ముందు పట్నంలో పీయూసీ, ఆపైన ఏళ్లకేళ్లు ఇంజనీరింగ్, ఫీజులు, పుస్తకాలు, హాస్టలు తిండి, అన్నీ మనవే. మా ఇంట్లో ఉన్న ఆస్తి మంద ఒక్కటే. వేసవిలో రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద పెడితే వాళ్లు కొలిచిన జొన్నలే మాకు ఏడాది తిండి. నేను చేతిలో ఫారం పట్టుకుని పరుగెత్తినట్టు ఇంటికి పోయాను.

"మామా, నర్సు పని నేర్చుకుంట. తిండి వాళ్లే పెడతరు, పైసలు గూడ వాళ్లే ఇస్తరు. నువ్వు ఒక్క గొర్రె గూడ అమ్మే పని లేదు" అన్నాను.

మామ ఆ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నర్సు పనంటె ఏందిరా? గుట్ట మీద ఆ పిలగాడు చేస్తుండెనే, అదేనా?"

"అదే."

"ఉమ్మి గిన్నెలు కడుగుడు. మంది రొచ్చు ఎత్తిపోసుడు. గందుకా నిన్ను సదివిపిచ్చింది?"

"అమ్మకు గట్ల కడిగినోళ్లు లేకుంటె ఏమయ్యేది మామా?"

ఆ మాటకు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాని గొంతు తగ్గలేదు. "ఆ రోగం మీ అమ్మను తిన్నది. నిన్ను గూడ దాని నోట్లె పెట్టుమంటవా? లెక్కల తలకాయ ఉన్నోనివి, నీకేం కర్మరా? ఇంజనీరు సదువు. ఎంతైతె గంతైతది. మంద ఉన్నదెందుకు?"

అత్త పొయ్యి దగ్గర నుంచి, "పిలగాడు అడిగిందే సదవనియ్యరాదు. మంద మనకు గూడ కావాలె గద" అన్నది.

"నువ్వు ఊకో. పటేలు లేషి నిలవడ్డది నువ్వు చూసినవా?" అన్నాడు మామ. అక్కడితో మాట ముగిసింది.

మర్నాడు తెలిసింది, అంతకు ముందు వారమే వికారాబాద్ సంతలో ఆయన పొట్టేళ్లన్నీ అమ్మేశాడని. నా చదువు సంగతి నాకన్నా ముందు పొట్టేళ్లకు తెలిసింది. నేను అప్పుడైనా చెప్పి ఉండాల్సింది, మామా, నేను లెక్కపెట్టలేదు, ముఖాలు చూశాను అని. చెప్పలేదు. ఫారం ఇవ్వడానికి ఆఖరు రోజు దాకా బ్రదర్ ఎదురుచూశాడట. నేను మళ్లీ ఆ గుట్ట ఎక్కలేదు. మామను తిట్టుకోవడం తేలిక. కాళ్లు నావే కదా, గుట్ట ఎక్కకుండా ఎవరు పట్టుకున్నారు?

పట్నంలో నా చదువు గొర్ల మీద నడిచింది. డ్రాయింగు పెట్టెకు రెండు గొర్లు పోయాయి. పుస్తకాలకు, ఫీజులకు ఎన్ని పోయాయో మామ చెప్పేవాడు కాదు. నెలకోసారి రైలెక్కి జొన్నరొట్టెలు, పల్లి పొడి మూట కట్టుకుని హాస్టలుకు వచ్చేవాడు. గేటు లోపలికి ఎంత పిలిచినా వచ్చేవాడు కాదు. బయట గోడ పక్కన గొంగడి పరుచుకుని కూచుని, ఎదుటి కట్టడాలన్నీ తలెత్తి చూసేవాడు. "గీ గోడలన్ని ఇంజనీర్లు కట్టినయేనా?" అని అడిగేవాడు. అవునంటే, "ఇంకెన్నేండ్లు?" అనేవాడు. నేను రొట్టె తింటున్నంతసేపు నా నోటి వైపే చూసేవాడు. ఆ రొట్టెల రుచి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఆయన మీద కోపం నిలవదు. నిలవనందుకు నా మీద కోపం వస్తుంది.

ఇంగ్లీషులో చెప్పే పాఠం నా చెవి దాకా వచ్చి ఆగిపోయేది. గీత తిన్నగా గీస్తే అది దేనికో తెలిసేది కాదు. పీయూసీ ఎలాగో గట్టెక్కాను, ఇంజనీరింగ్‌లో సీటు కూడా వచ్చింది, మొదటి ఏడు అంచు మీద పాసయ్యాను. రెండో ఏడు పరీక్షల ముందు హాస్టల్లో జ్వరాలు వచ్చాయి. పది మందికి నేనే తడిగుడ్డలు వేశాను, గంజి కాచి పోశాను. వాళ్లు లేచి పరీక్ష రాసి పాసయ్యారు. నేను తప్పాను. మరుసటి ఏడు జ్వరాలు రాలేదు, అయినా తప్పాను. తెలివి లేదు, అంతే. అప్పటికి మామ తల్లి గొర్లను కూడా అమ్మేశాడు. కురుమవాడు ఎంత కష్టమొచ్చినా తల్లి గొర్రెను సంతకు తోలడు. తోలాడంటే మంద తుడిచిపెట్టుకుపోయినట్టే.

ఇంటికి పోయే ముఖం లేక వికారాబాద్‌లో రైలు దిగలేదు. నేరుగా తాండూరు పోయి బండల గనిలో పని అడుక్కున్నాను. "తాండూరుల పని దొరికింది, కొలతల పని" అని మామకు ఉత్తరం రాశాను. అబద్ధం రాయలేదు, నిజమూ రాయలేదు. ఊరి పంతులు ఆ ఉత్తరం చదివి వినిపిస్తే, కొలతల పని అంటే మామకు టేపు పట్టుకుని వచ్చిన ఆ ఇంజనీరే గుర్తొచ్చాడు. నేను మొదటిసారి ఊరికి పోయేసరికి వాకిట్లో కొత్త కుర్చీ వేసి ఉంది. "కూసో అల్లుడా" అన్నాడు. ఊరంతా చూస్తున్నారు. నేను కూచున్నాను. ఇంట్లో గొర్రె వాసన కూడా లేదు, దొడ్డి ఖాళీగా ఉంది, యాభై దాటిన మామ పటేలు పశువులు కాయడానికి కూలికి పోతున్నాడు. నేను అవన్నీ చూస్తూ కుర్చీలో కూచున్నాను.

ఒకసారి చెప్పకుండా తాండూరు వచ్చాడు. నేను బండల మధ్య వంగి కొలుస్తున్నాను. లారీ పక్కన నిలబడి ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. ఆ సమయంలోనే గని యజమాని, "ఏయ్ గుమాస్తా, ఎన్నిసార్లు పిలవాలె నిన్ను!" అని అందరి ముందు అరిచాడు. తల ఎత్తితే మామ కనబడ్డాడు. ఆయన మాత్రం ఏమీ విననట్టే దగ్గరికి వచ్చి, "బండలు మంచిగున్నయిరా" అన్నాడు. హోటల్లో అన్నం పెట్టించాను. తిని, చేయి కడుక్కుని, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. వినలేదులే అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఊళ్లో ఇంజనీరు అల్లుడి కథలు ఇంకా పెరిగాయి. పటేలు తన బావి కొలిపించాలని అడిగితే, "మా అల్లునికి తీరిక లేదు" అన్నాడట మామ. చెప్పులు అప్పుడు కాళ్లకే ఉన్నాయట.

పోవడానికి రెండు నెలల ముందు పశువుల వెనక పోతూ పడిపోయాడు. ఎడమ పక్క చచ్చుబడిపోయింది. మాట కొంచెం తడబడేది కాని తెలివి పూర్తిగా ఉంది. అత్త కూలికి పోతే గాని ఇల్లు గడవదు. నా జీతంలో ఇచ్చేది మందులకే సరిపోయేది. సెలవు దొరికినప్పుడల్లా నేను పోయేవాణ్ని. పోయి ఏం చేయాలి? కుర్చీలో కూచోవాలి. నీళ్లు తాగిస్తానన్నా, ఒళ్లు తుడుస్తానన్నా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "అత్త చూసుకుంటది, నువ్వు కూసో" అనేవాడు. ఆయన్ని పక్కకు తిప్పడం అత్త ఒక్కదాని వల్ల కాదు, అది నాకు తెలుస్తూనే ఉంది.

ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు నేను పోయేసరికి అత్త కలుపుకు పోయింది. ఇంట్లోకి అడుగుపెట్టగానే వాసన వచ్చింది. పక్కబట్ట తడిసి ఉంది. అది ఒంటేలు వాసన ఒక్కటే కాదు, పుండు వాసన, గుట్ట మీద ఎనిమిది నెలలు ఉన్నవాడిని, నాకు తెలియదా? నేను పొయ్యి రాజేసి నీళ్లు కాచాను. పాత ధోవతి చింపి గుడ్డలు చేసుకుని బకెట్‌తో మంచం దగ్గరికి పోయాను.

"మామా, జర పక్కకు తిప్పుత. నొప్పి కానియ్య."

పనిచేసే చేత్తో గొంగడి గట్టిగా పట్టుకున్నాడు. "వద్దు. అత్త వస్తది."

"అత్త పొద్దుమీకినంక వస్తది. గప్పటిదాంక గిట్లనే పండుకుంటవా?"

"పండుకుంట. ఇంజనీరుతోని గీ పని చేపిచ్చుకుంటె మంది నా ముఖాన ఉమ్మేస్తరు. బకీటు తీసెయ్."

నాకు అప్పుడు అర్థమైంది, ఆ ఇంజనీరు మాట ఉన్నంతకాలం ఆయన ఒంటి మీద నా చేయి పడదని. ఇన్నేళ్లు దాచింది ఆ మంచం పక్కన కూచుని చెప్పేశాను.

"నేను ఇంజనీరును కాను మామా. రెండో ఏడే తప్పిన. గనిల గుమాస్తా పని చేస్తున్న. నీ మందంత నీళ్లపాలు చేసిన. ఇగో చెప్పిన, ఇప్పుడన్న నన్ను కడగనియ్యి."

తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. ఆయన ఇంటి కప్పు వైపు చూస్తూ, "ఎరికేరా" అన్నాడు. "గని కాడికి వచ్చిననాడే ఎరుకైంది. మీ సేటు నిన్ను గుమాస్తా అని మొత్తుకుంట పిలిచిండు గద."

"ఎరుకైతె ఎందుకు అడగకపోతివి?"

"ఏమని అడగాలె? పొట్టేళ్లు పోయినయి. తల్లి గొర్లు పోయినయి. మీ అమ్మ పోయింది. ఇగ నాకు మిగిలింది మా అల్లుడు ఇంజనీరు అనే మాట ఒక్కటే. దాన్ని గూడ తీస్కపోతవా? రొచ్చు ఎత్తేటోడా ఇంజనీరు? బయటికి పో అల్లుడా. పోయి కుర్సీల కూసో, మంది చూస్తరు."

నేను బకెట్ తీసుకుని బయటికి వచ్చాను. కుర్చీలో కూచోలేదు, అరుగు మీద కూచున్నాను. నీళ్లు పొగలు పోవడం మానేశాయి, తర్వాత చల్లారిపోయాయి. లోపల ఆయన మూలుగు వినపడుతూనే ఉంది. పొద్దుమీకి అత్త వచ్చి, ఆ నీళ్లే మళ్లీ వేడి చేసుకుంది. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. చెప్పకుండా బయలుదేరి చివరి బండికి తాండూరు వచ్చేశాను. మళ్లీ ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మా ఊరి మనిషి గనికి ఆ కబురు తెచ్చాడు.

నేను ఊరు చేరేసరికి పొద్దు వాలుతున్నది. మామను వాకిట్లో చెక్క మీద పడుకోబెట్టారు, స్నానం చేయించడానికి నీళ్లు కాగుతున్నాయి. కొడుకు లేడు కాబట్టి మేనల్లుడే నీళ్లు పోయాలని పెద్దలు అన్నారు. నేను లాల్చీ విప్పి వంగాను. ఒకాయన నా భుజం పట్టుకుని, "రెండు చెంబులు పోసి జరుగుండ్రి ఇంజనీరు సాబ్, తక్కింది మేం చూసుకుంటం" అన్నాడు.

"లేదు, నేనే కడుగుత" అన్నాను.

ఒక చేయి భుజం కింద, ఒక చేయి నడుము కింద పెట్టి ఆయన్ని పక్కకు తిప్పాను. చాలా తేలిగ్గా తిరిగాడు. ఈసారి వద్దనలేదు. నడుము కింద నా అరచేతి కంటే పెద్ద పుండు ఉంది, అడుగున ఎముక తెల్లగా కనబడుతున్నది. పక్కనున్నవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. నేను గోరువెచ్చని నీళ్లతో అంచుల నుంచి మెల్లగా కడుగుతూ లోపలికి వచ్చాను. చీము పోయేదాకా కడిగాను, తడి లేకుండా పొడిగుడ్డతో అద్దాను. "పొద్దు పోతున్నది, ఇగ లేపుండ్రి" అని ఎవరో తొందరపెట్టారు. అత్త మాత్రం లోపలికి పోయి తన ఉతికిన చీర కొంగు చింపి నా చేతికి ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు వేసి పుండు మీద పెట్టి, నడుము చుట్టూ తిప్పి, బిగుతు కాకుండా కట్టు కట్టాను. కట్టు ముడి వీపు కింద ఒత్తుకోకుండా పక్కకు వేశాను. అప్పుడు లేపమన్నాను.